ధర్మవడ్డీ, అడవిదారి వడ్డీ

“ధర్మవడ్డీ” అన్న మాట మన పల్లెల్లో ఇంకా వినబడుతూనే ఉంది. దీనికి దగ్గర చుట్టం అర్థశాస్త్రం మూడవ అధికరణంలో కనబడుతుంది. నూరు పణాలకు నెలకు పణంపావు ధర్మ్యమైన వడ్డీ అంటాడు కౌటిల్యుడు. వ్యాపారపు అప్పుకు 5 పణాలు, అడవుల గుండా సరకు తోలేవారికి 10, సముద్ర వర్తకులకు 20. ఏడాదికి చూస్తే నూటికి 15, 60, 120, 240 అన్నమాట! ఇవి గరిష్ఠ పరిమితులు. మించి పుచ్చుకొంటే దండన. చదువరులు గమనించవలసింది, ఇక్కడ వడ్డీని నిర్ణయించేది పుచ్చుకొనేవాడి గుణం కాదు, సొమ్ము నడిచే దారి. దొంగలకూ తుపానుకూ కట్టిన వెల అది. నేటివారు క్రెడిట్ రిస్క్ అంటున్నది దీనినే.

అదే గ్రంథం రెండవ అధికరణంలో అక్షపటలం ఉంది. లెక్కల అధికారులు ఆషాఢమాసంలో జమాఖర్చులు తెచ్చి ఒప్పగించాలి. ఉద్యోగులు ధనం అపహరించే ఉపాయాలు నలభై అని పేరుపేరునా చెప్పాడు. (ఆ జాబితా చదివితే ఆయన ఎంత విసిగి వ్రాశాడో తెలుస్తుంది.) కాని ఈ తనిఖీ రాజుగారి బొక్కసం కోసం. షావుకారుకు చూపడానికి కాదు. అప్పు అడిగేవాడు అతనికి ఎదురువీధివాడే. పరపతి ఊరివారి నోట ఉండేది, ఆవర్జాలో కాదు.

ఈ రెండింటినీ కలిపినవి రైళ్ళు. 19వ శతాబ్దంలో అమెరికా రైలు కంపెనీలు లండను దాకా వెళ్ళి అప్పులు తెచ్చాయి. ఋణదాత ఆ పట్టాలను కంటితో చూడలేదు. అతనికి కాగితమే ఆధారం. 1860లో హెన్రీ వార్నమ్ పూర్ ఆ కంపెనీల చరిత్రను, లెక్కలను పుస్తకంగా వేశాడు. 1909లో జాన్ మూడీ వారి బాండ్లకు అక్షరాలతో తరగతులు కట్టాడు, అచ్చంగా మా బడిపంతుళ్ళలాగే. లెక్కలు నమ్మదగినవైతే వడ్డీ తగ్గుతుంది; నమ్మిక చాలకపోతే ఆ అనుమానానికి కూడా వడ్డీలో వెల కడతారు. ఆడిటరు సంతకానికి విలువ అక్కడినుంచే.

ఆ సంతకమూ ఆ అక్షరమూ రెండూ తప్పితే ఏమవుతుందో మన దేశంలో 2018లో చూశాము. ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ సంస్థకూ దాని పిల్ల కంపెనీలకూ కలిపి అప్పు 91 వేల కోట్ల పైచిలుకు. ఆ ఏడు మొదట్లో దాని తరగతి అత్యుత్తమమైన ట్రిపుల్ ఏ. సెప్టెంబరుకల్లా బాకీ ఎగవేతకు గుర్తయిన ‘డి’! మధ్య మెట్లన్నీ కొద్దివారాల్లోనే దిగింది. ఆ దెబ్బకు వాయిదాలు తప్పని ఇతర ఫైనాన్సు కంపెనీలకు కూడా అప్పు పుట్టడం కష్టమయింది, పుట్టినా వడ్డీ పెరిగింది. రాచబాటన పోయేవాడి దగ్గర అడవిదారి వడ్డీ పుచ్చుకోవడానికి కౌటిల్యుడు ఒప్పుకొనేవాడు కాడు.

దాని అనుబంధ సంస్థ ఒకదాని 2017-18 ఆడిట్‌లో తీవ్రమైన లోపాలున్నవని ప్రభుత్వ నియంత్రణ సంస్థ 2019 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. అప్పటికి ఎందరో ఉద్యోగుల భవిష్యనిధి సొమ్ము ఆ ట్రిపుల్ ఏ పత్రాలలో చిక్కుకొని ఏడాది దాటింది.