నాలుగు పళ్ల జత

బరిలోకి దిగే ముందు గిత్తలకు నోటి పరీక్ష తప్పదు. తెనాలి, రేపల్లె, బాపట్ల పల్లెల్లో సంక్రాంతికీ, తిరునాళ్లకూ పెట్టే బండలాగుడు పోటీల్లో ఏ జత ఏ విభాగంలో దిగాలో తేల్చేది పళ్లే. ఇక్కడ ఎవరి పేరూ రాయడం లేదు. ఈ మాటలు ఒక్క ఊరివి కావు, ఏ బరి దగ్గర నిలబడినా వినపడేవే.

"నాలుగు పళ్లే మామయ్యా, మీరే చూడండి."

పెద్దాయన ఎడమచేత్తో ముక్కుతాడు పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో కింది పెదవి దించుతారు. పశువుకు పైన ముందుపళ్లు ఉండవు. కింద ఎనిమిదే. రెండేళ్లు దాటుతుండగా నడిమి పాలపళ్లు రెండూ ఊడి వెడల్పాటివి వస్తాయి. ఆ తర్వాత అటొకటీ ఇటొకటీ, జత చొప్పున మారుతూ పోతాయి. నాలుగైదేళ్లకు నోరు నిండుతుంది. గిత్తకు పుట్టినరోజు కాగితం ఎవరు రాశారు కనుక? పళ్లే దాని కాగితం.

"ఆరు ఇంకా పొడవలేదబ్బాయ్. నాలుగు పళ్లలో రాసుకోండి."

కాడి ఎత్తారు. ఒంగోలు గిత్త మూపురం ముందు కాడి కుదురుగా కూర్చుంటుంది. గుర్రానికి ఆ మూపురం లేదు కాబట్టే దాని మెడకు మెత్తటి పట్టెడ కట్టి లాగించాలి. గొలుసు బిగించారు. వెనక రాతిబండ, విభాగం పెరిగేకొద్దీ దాని బరువూ పెరుగుతుంది. నిర్ణయించిన నిమిషాల్లో అటూ ఇటూ తిరిగి ఎన్ని అడుగులు లాగితే అంత లెక్క.

ఈల పడింది. నిలిచి ఉన్న బండను కదిలించడమే అసలు కష్టం. రెండు గిత్తలూ ఒక్కసారిగా ముందుకు వాలాయి. వెనక గిట్టలు మట్టిలో దిగబడ్డాయి, తొడల కండలు గట్టిపడ్డాయి, గొలుసు కిర్రుమంది. ఒకటి ముందు, ఒకటి వెనక లాగితే కాడి మెలిపడి బలమంతా వృథా. "హైఁ హైఁ" అంటూ తోలేవాళ్లు పక్కనే పరుగెత్తేది ఆ రెండు అడుగులూ కలపడానికే. బండ కదిలింది. ఇక ఆగకూడదు. గీత దగ్గర తిప్పేటప్పుడు ఆగితే మళ్లీ మొదటి కష్టమే. తిప్పడం తెలిసిన జతదే పందెం.

లాగుడు బలం చూసే సరదా మనకొక్కరికే కాదు. ఇంగ్లండులోని డోర్సెట్‌లో 1969లో మొదలైన ఆవిరి యంత్రాల జాతరలో పాత ఇంజన్లనూ, బరువులు లాగే గుర్రాలనూ పని చేయించి చూపించేవారు. మనకూ ఆ రెండు బలాలూ ఉండేవి, గుర్రం స్థానంలో ఎద్దు. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలవ నీళ్లొచ్చాక ఈ నేలను దమ్ము చేసింది ఎద్దు. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే 1916లో గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లెకు లైను వేస్తే, పొగబండి దాకా ధాన్యం బస్తాలు మోసిందీ ఎద్దే. బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల పెట్టినప్పుడూ చుట్టుపక్కల పొలాల్లో అరకలే నడిచేవి. 1995తో బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి బండ్ల కాలం ముగిసింది. పొలంలో ట్రాక్టరు దిగింది, వరికోత యంత్రం వచ్చింది. ఎద్దుకు పని పోయింది.

అవతల బ్రెజిల్ ఏం చేసిందో చూడండి. మన నెల్లూరు పేరు పెట్టుకుని ఒంగోలు జాతినే 'నెలోర్'గా పెంచింది. 1960ల మొదట్లో ఒంగోలు దగ్గరి కరవది నుంచి వెళ్లిన గిత్త ఆ ఊరి పేరుతోనే అక్కడ ప్రసిద్ధికెక్కింది. ఈ రోజు ఆ దేశపు పశువుల్లో అత్యధిక భాగం ఈ రక్తమే. మనకు గుంటూరు పక్కన లాంలో పశు పరిశోధన కేంద్రం ఉంది. కానీ ఇళ్లల్లో గిత్తకు ఉలవలు ఉడకబెట్టి, పత్తి గింజలు పెట్టి, చెరువులో ఈత కొట్టించి మేపుతున్నది ఎక్కువగా ఈ పందెపు రైతులే. దుక్కి లేని రోజుల్లో ఆ ఖర్చు భరించడానికి వాళ్లకున్న కారణం బండ ఒక్కటే. పోటీలు ఆగిపోతే ఆ కొట్టాలు ఖాళీ అవుతాయని నా నమ్మకం.

అలాగని దెబ్బల్ని సమర్థించను. జల్లికట్టు, ఎడ్లబండి పందేల మీద సుప్రీంకోర్టు 2014లో నిషేధం పెట్టింది పశువుల బాధ చూసే. వాటిని మళ్లీ అనుమతిస్తూ తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసిన సవరణ చట్టాలను 2023లో రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది నిజమే. అయినా ఒంటిమీద వాత తేలిన గిత్త గెలిచినా అది గెలుపు కాదు. మంచి తోలరికి గొంతు చాలు.

పోటీలు పెట్టే కమిటీ పెద్దలకు ఒక మనవి. ఈ సంక్రాంతికి ములుగర్రనూ చెర్నాకోలనూ బరి బయటే పెట్టించండి. పశువైద్యుణ్ని బరి పక్కనే ఉంచండి. పళ్లు చూసే పెద్దాయన పక్కన ఇద్దరు కుర్రాళ్లను నిలబెట్టి ఆ విద్య నేర్పించండి.