మొహమ్మద్ పేరున్న జీపు, దాని బ్రేకుల దాస్తాన్

మహీంద్రా కంపెనీ పేరులో ఒకప్పుడు ‘మొహమ్మద్’ కూడా ఉండేదని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? 1945లో మహీంద్రా సోదరులతో షరీక్ అయిన మలిక్ గులాం మొహమ్మద్ అలీగఢ్‌లో చదివినవాడు. తక్సీమ్ తర్వాత పాకిస్తాన్ వెళ్లి తొలి ఆర్థిక వజీర్, 1951లో గవర్నర్ జనరల్ అయ్యాడు. ఇక్కడ 1948లో ‘మహీంద్రా అండ్ మొహమ్మద్’ కాస్తా ‘మహీంద్రా అండ్ మహీంద్రా’ అయింది. ఆ కంపెనీ తెచ్చిన విల్లీస్ జీపు మాత్రం ఈ నేల మీదే ఉండిపోయింది.

మన దగ్గర దానికి అస్లీ ఇమ్తెహాన్ ఏజెన్సీ రోడ్లు. సీతంపేట కొండలు, సాలూరు నుంచి కొరాపుట్‌కి ఎక్కే ఘాట్. (2022లో మన్యం జిల్లా ఏర్పడేదాకా మొదటిది సిక్కోలు, రెండోది విజయనగరం.) కొండెక్కడం ఇంజన్ పని. జాన్ మీదికి వచ్చేది దిగేటప్పుడే.

పాత విల్లీస్‌కి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. ఆపకుండా తొక్కితే డ్రమ్ము వేడికి ఉబ్బి లైనర్లకి దూరం జరుగుతుంది, పెడల్ దిగిపోతూనే ఉంటుంది. గెడ్డ దాటితే నీళ్లు లోపల చిక్కుకుని కాసేపు బ్రేకు పట్టదు. పైగా బ్రేకు ఆయిల్‌కి ఒకటే సర్క్యూట్, ఎక్కడ పైపు తెగినా ఖేల్ ఖతం! డిస్కు బ్రేకుకి ఇంగ్లండులో లాంచెస్టర్ 1902లోనే పేటెంట్ తీసుకున్నాడు. 1953లో వాటితో జాగ్వార్ లే మాన్స్ రేసు గెలిచాక దునియా నమ్మింది.

ఇప్పుడు పాత జీపులకి డిస్కులు వేయించే షౌక్ పెరిగింది. పాత నకిల్‌కి కాలిపర్ బిగించే చెవులుండవు కాబట్టి బయట దొరికే నకిల్ తెచ్చి, పెద్ద కాలిపర్ ఎక్కిస్తారు. బోల్టులు పడ్డాయి కదా అని ఖుషీ అయిపోతే ముష్కిల్. పెద్ద పిస్టన్‌కి ఆయిల్ ఎక్కువ కావాలి, పాత మాస్టర్ సిలిండర్ అంత అందించకపోతే పెడల్ అడుగుకి పోతుంది. డ్రమ్ముల సిలిండర్‌లో లైన్లో కాస్త ప్రెషర్ నిలిపే వాల్వు ఉంటుంది, దాన్ని తీయకపోతే ప్యాడ్లు డిస్కుని వదలవు. డ్రమ్ములా డిస్కు తనంతట తాను బిగుసుకోదు, బూస్టర్ లేకుంటే కాలి బలం చాలదు. ముందు పట్టు మితిమీరితే దిగుడులో ముందు చక్రాలు లాకై, స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. రిమ్ము కాలిపర్‌కి తగులుతోందా, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే హోసు లాగుతోందా అన్నవి షాగిర్ద్ కూడా చూడగలడు. పై లెక్కలకి మాత్రం ఉస్తాద్ కావాలి.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చనివ్వదు. పని మొదలుపెట్టక ముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి. బిగించాక తొలి ఆజ్మాయిష్ ఖాళీ మైదానంలో, బాలబచ్చాల్ని ఎక్కించుకోకుండా.