రాముడు ఇక్కడ, రాముడి పొలం అక్కడ

భద్రాచలం రాముడు ఏ రాష్ట్రంలో ఉన్నాడు అని అడిగితే ఎవరైనా టక్కున తెలంగాణ అంటారు. మరి రాముడి పొలం ఏ రాష్ట్రంలో ఉంది? ఆంధ్రప్రదేశ్‌లో! గుడి లెక్కల ప్రకారం పురుషోత్తపట్నంలో ఆలయానికి సుమారు 889 ఎకరాలు ఉన్నాయి. ఆ ఊరు గుడికి దగ్గరే, కానీ మధ్యలో రాష్ట్రాల గీత ఉంది.

మా ఇల్లందు వాళ్ళకి భద్రాచలం వెళ్ళడమంటే కొత్తగూడెం, పాల్వంచ, సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కడం. వంతెన దిగితే గుడి. ఇంకాస్త ముందుకెళ్తే వేరే రాష్ట్రం. ఇదెలా జరిగిందో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

గోదావరి ఎడమ గట్టున ఉన్న భద్రాచలం తాలూకాని నిజాం 1860లో బ్రిటిష్ వాళ్ళకి ఇచ్చేశాడు. 1874లో అది మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిసింది. 1959లో ఖమ్మం జిల్లాకి వచ్చింది. 2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాల గ్రామాలను ఆంధ్రాకి ఇచ్చారు. వాటిలో భద్రాచలం మండలం కూడా ఉంది, ఒక్క భద్రాచలం రెవెన్యూ గ్రామం తప్ప. అంటే ఊరుని ఇక్కడ ఉంచి, చుట్టూ ఉన్న నేలని అక్కడికి పంపారన్నమాట. దీనికోసం చేసిన సవరణ చట్టం చాలా చిన్నది. గీత ఎక్కడ గీయాలో చెప్పింది గానీ, గీత అవతల మిగిలిపోయిన గుడి ఆస్తిని ఎవరు కాపాడాలో చెప్పలేదు.

ఫలితం 2025 జూలైలో అందరూ చూశారు. ఆక్రమణలు అడ్డుకోవడానికి పురుషోత్తపట్నం వెళ్ళిన ఆలయ ఈవో మీద దాడి జరిగింది, ఆమెని ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఆమె తెలంగాణ అధికారి. గీత దాటగానే ఆమె చేతిలో ఉన్నది భూమి కాగితాలు మాత్రమే. ఆపమని చెప్పొచ్చు, ఫిర్యాదు చేయొచ్చు, అంతే. కేసు పెట్టాల్సింది, బందోబస్తు ఇవ్వాల్సింది ఆంధ్రా పోలీసులే. మన భాషలో చెప్పాలంటే ఫైల్ ఓనర్ ఒకరు, అడ్మిన్ రైట్స్ ఇంకొకరివి. ఓనర్ పేరు స్క్రీన్ మీద కనిపిస్తూనే ఉంటుంది, డిలీట్ చేసేవాడిని ఆపే అధికారం మాత్రం ఉండదు :)

అలాగని తెలంగాణ పోలీసులు వెళ్ళి కాపలా కాయొచ్చు కదా అంటే, కుదరదు. ఈ ప్రశ్న చాలా పాతది, దానికి జవాబు కూడా మన రైళ్ళ దగ్గరే దొరుకుతుంది. మా ఇల్లందులో బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది, ఆ బొగ్గు కోసం డోర్నకల్ నుంచి రైలు మార్గం వేశారు. ఆ కాలంలో నిజాం తన రాజ్యంలోని రైల్వే లైను మీద కొన్ని అధికారాలు బ్రిటిష్ వాళ్ళకి వదులుకున్నాడు. సిమ్లాలో జరిగిందన్న ఒక నేరానికి అక్కడి మేజిస్ట్రేటు వారంటు ఇస్తే, యూసుఫుద్దీన్ అనే నిజాం పౌరుణ్ణి శంకర్‌పల్లి స్టేషన్లో పట్టుకున్నారు. కేసు లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. 1897లో తీర్పు వచ్చింది: ఆ అరెస్టు చెల్లదు. రైలు కోసం ఇచ్చిన అధికారం రైలుకి సంబంధించినంత వరకే, నేల మాత్రం ఇంకా నిజాందే.

మన రాజ్యాంగం కూడా దాదాపు ఇదే మాట అంటుంది. ఏడో షెడ్యూల్, కేంద్ర జాబితాలో 80వ అంశం చూడండి. ఒక రాష్ట్ర పోలీసుల అధికారాన్ని ఇంకో రాష్ట్రంలోకి పొడిగించవచ్చు, కానీ ఆ రెండో రాష్ట్రం ఒప్పుకుంటేనే. రైల్వే ప్రాంతాల గురించి అందులో విడిగా రాశారు. రైల్వే సామాను దొంగతనం మీద 1966లో ప్రత్యేక చట్టం వచ్చింది కాబట్టి ఆర్పీఎఫ్ వాళ్ళకి రాష్ట్రాల గీతలు అడ్డురావు.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇంకో ఉదాహరణ. న్యూయార్క్ నగరానికి నీళ్ళు చాలా వరకు ఊరికి ఎంతో దూరంలో ఉన్న కాట్‌స్కిల్ కొండల వైపు నుంచి వస్తాయి. అక్కడి రిజర్వాయర్ల దగ్గర గస్తీ తిరిగేది నగరం సొంత పోలీసులే. నగరం, రిజర్వాయర్లు రెండూ ఒకే రాష్ట్రంలో ఉన్నాయి కాబట్టి ఆ రాష్ట్రమే ఆ అధికారం ఇవ్వగలిగింది. మనకి మధ్యలో రెండు ప్రభుత్వాలు ఉన్నాయి, అదే చిక్కు.

ఒప్పందం లేకుండా వెళ్తే ఏమవుతుందో నాగార్జునసాగర్ చెప్పింది. 2023 నవంబర్ 30న, సరిగ్గా తెలంగాణ పోలింగ్ రోజున, ఆంధ్రా పోలీసులు డ్యాం సగం దాకా స్వాధీనం చేసుకున్నారు. రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురుబొదురు నిలబడ్డారు. చివరికి సీఆర్పీఎఫ్ వచ్చి కాపలా కాయాల్సి వచ్చింది.

ఐదు గ్రామాలు వెనక్కి ఇచ్చేయమని తెలంగాణ నాయకులు చాలాసార్లు అడిగారు. వాళ్ళ బాధ నిజమే, ఊళ్ళో చెత్త వేసుకోవడానికి కూడా భద్రాచలం పంచాయతీకి చోటు కరువైంది. కానీ గ్రామాలు మారాలంటే పార్లమెంటు కదలాలి. అప్పటిదాకా ఆగక్కర్లేదని నా అభిప్రాయం. గుడి భూమి వరకు రెండు దేవాదాయ శాఖలు కలిసి సర్వే చేసి హద్దురాళ్ళు పాతొచ్చు. బందోబస్తుకి ఒక ఆంధ్రా అధికారిని బాధ్యుడిగా పెట్టొచ్చు. అక్కడ ఇళ్ళు కట్టుకున్నవాళ్ళ వాదన కూడా వినాలి, అందరూ కబ్జాదారులే అనుకోవడం తప్పు. అది వినాల్సిన చోటు కోర్టు, పొలం గట్టు కాదు.

రామదాసు సర్కారు సొమ్ముతో గుడి కట్టాడని తానీషా జైల్లో పెట్టాడు. అప్పుడు కనీసం లెక్క అడిగేవాడు ఒకడున్నాడు. ఇప్పుడు రెండు సర్కార్లు ఉన్నాయి, ఆ 889 ఎకరాలకి లెక్క ఎవర్ని అడగాలి?