పంటి పింగాణి, జాడి పింగాణి

ఆవకాయ పెట్టిన జాడిని ఏడాది తిరిగిన తరువాత కడిగి బోర్లిస్తే, లోపలి తెలుపు తెలుపుగానే ఉంటుంది. గుంటూరు మిరపకారం, ఆవపిండి, నూనె అంతకాలం నానినా జాడికి రంగు అంటదు, వాసన పట్టదు. సరిగ్గా ఈ గుణమే పారిస్ సమీపాన మందులు తయారుచేసే అలెక్సిస్ దుషాతో అనే ఆయనను ఆకర్షించింది. ఆయన కట్టుడుపళ్ళు నీటి ఏనుగు దంతంతో చేసినవి. మందులు రుచి చూడగా చూడగా వాటికి రంగు పట్టి దుర్వాసన వేసేది. మందులు పోసే పింగాణి పాత్రలకు లేని బాధ పళ్ళకు ఎందుకని ఆయన 1774లో ఒక పింగాణి కర్మాగారాన్ని ఆశ్రయించాడు. మొదట కాల్చిన పళ్ళు కొలిమిలో కుంచించుకుపోయి నోటికి అమరలేదు. ఆ లోపాన్ని చాలావరకు సవరించి, ఆ పళ్ళను ప్రచారంలోకి తెచ్చినవాడు దుబోయ్ ద షెమాఁ అనే దంతవైద్యుడు.

తెలుగులో పంటి పైపొరనూ పింగాణి అంటాం, జాడినీ పింగాణి అంటాం. మాట ఒకటే గాని వస్తువులు వేరు. జాడి పింగాణి మట్టి, పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ కలిపి కాల్చినది. పంటి పింగాణిలో బరువునుబట్టి నూటికి 96 పాళ్ళు ఖనిజం, ముఖ్యంగా కాల్షియం ఫాస్ఫేటు స్ఫటికాలు. దీనిని కట్టేవి సజీవ కణాలు. పన్ను చిగురు చీల్చుకొని వచ్చేసరికి ఆ కణాలు నశిస్తాయి. అందుచేత కట్టేటప్పుడు జరిగిన పొరపాటును దిద్దడానికి పిమ్మట ఎవరూ మిగలరు.

అట్టి పొరపాటు ఎక్కడో దూరదేశంలో జరిగినది కాదు. పత్తి, మిరప పండే గుంటూరు నల్లరేగడి మైదానం దాటి పడమరగా పోతే దర్శి, పొదిలి, కనిగిరి మెట్టప్రాంతం వస్తుంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు ఇది నెల్లూరు జిల్లాలోనిది. ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెలలో పళ్ళపై సుద్దవంటి తెల్లమచ్చలు, గోధుమరంగు చారలు, పెద్దవారిలో వెన్ను బిగిసిపోవడం గమనించి, షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు 1937లో ఒక వైద్యపత్రికలో వ్యాసం ప్రకటించారు. మనదేశంలో మనుషులలోని ఫ్లోరోసిస్‌ను వర్ణించిన తొలి రచనగా దానిని పేర్కొంటారు. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ఇటువంటి మచ్చలనే 1901లో గమనించిన మెకే అనే దంతవైద్యుడు కారణం కోసం 30 ఏళ్ళు వెదికాడు. చివరకు 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు నీటిని పరీక్షించి, దోషి ఫ్లోరైడు అని తేల్చాడు.

నేలలోని కొన్ని శిలలలో, అబ్రకం వంటి ఖనిజాలలో, ఫ్లోరిన్ ఉంటుంది. కాల్షియం తక్కువగా, క్షారగుణం ఎక్కువగా ఉన్న భూగర్భజలంలోకి అది సులభంగా దిగుతుంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన. అయితే ఎండలో మిరపకాయలు కోసే మనిషి, చలిదేశపు మనిషి తాగినన్ని నీళ్ళే తాగడు గదా! నీరు ఎంత ఎక్కువ తాగితే ఫ్లోరైడు అంత ఎక్కువ లోపలికి పోతుంది.

ముందుపళ్ళ పింగాణి చాలావరకు పుట్టుక మొదలు అయిదేళ్ళ లోపల తయారవుతుంది. ఆ కాలంలో ఫ్లోరైడు మితిమీరితే స్ఫటికాల మధ్య సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి. వెలుతురు వాటిలో చెదిరి పన్ను సుద్దవలె కనిపిస్తుంది. పన్ను బయటికి వచ్చాక ఆ రంధ్రాలలోనికి రంగులు ఇంకి గోధుమ చారలవుతాయి. అంటే ఏడేళ్ళ పిల్లవాని పంటి మీద కనిపించేది వాడు చంటితనంలో తాగిన నీటి చరిత్ర. పళ్ళు తోముకోలేదని అట్టి పిల్లవానిని తరగతిలో నిలబెట్టడం అన్యాయం. ఎంత తోమినా ఆ మచ్చ పోదు.

మరి దానిని కప్పడం ఎట్లా? ఇక్కడ దుషాతో జాడి మళ్ళీ కథలోకి వస్తుంది. డెట్రాయిట్‌లో చార్లెస్ లాండ్ అనే దంతవైద్యుడు (అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటిన విమానచోదకుడు లిండ్‌బర్గ్‌కు తాతగారు) పలుచని ప్లాటినం రేకుపై పింగాణి కాల్చి, అరగదీసిన పంటికి తొడుగు వేయడం నేర్పాడు. అందంగా ఉండేది గాని పెళుసు. 1962లో వైన్‌స్టైన్ మొదలైనవారు పేటెంటు పొందిన పద్ధతిలో పింగాణిని లోహంపై కాల్చారు. కొలిమిలో వేడికి లోహమూ పింగాణీ సమానంగా వ్యాకోచించకపోతే పగుళ్ళు వస్తాయి. లూసైటు అనే స్ఫటికాన్ని చేర్చి ఆ తేడాను సరిచేశారు. బలం వచ్చింది, అందం తగ్గింది. లోహపు నలుపు కనబడకుండా అడుగున వెలుతురు చొరని పొర వేయడంతో పన్ను సున్నం కొట్టిన గోడ వలె నిర్జీవంగా తయారయ్యేది.

నిజమైన పంటి రంగు పైపూత కాదు. లోపలి డెంటిన్ పసుపుదనం, పైనున్న పింగాణి పారదర్శకతలోనుంచి తొంగిచూస్తుంది. కొసన డెంటిన్ లేదు గనుక కొంచెం నీలిచాయ వస్తుంది. కనుక పనివాడు కూడా లోపలినుంచి బయటికి కట్టుకు రావాలి. గాజువంటి మెత్తని పొడిని నీటితో కలిపి కుంచెతో పరచి, డెంటిన్‌రంగు ఒకటి, పారదర్శకమైనది ఒకటి, కొసకు వేరొకటి అద్ది కొలిమిలో కాలుస్తాడు. కాలినప్పుడు కుంచించుకుపోతుంది గనుక ముందే కాస్త పెద్దదిగా కడతాడు. నేడు జిర్కోనియా, లిథియం డైసిలికేటు వంటి గట్టి పదార్థాలతో పన్ను ఆకారాన్ని చేసి, ముందువైపు మాత్రం అరమిల్లీమీటరుకు మించని పలుచని పొరలు వేస్తున్నారు. బలం అడుగుదానిది, జీవకళ పైదానిది.

ఫ్లోరోసిస్ పంటికి వచ్చేసరికి ఈ కళ చిక్కులో పడుతుంది. పొర పలుచనై పారదర్శకంగా ఉంటే కింది గోధుమ చార కనబడుతుంది. దాన్ని మూయబోతే పన్ను సున్నపు గోడ అవుతుంది. పైగా ఫ్లోరైడు ఎక్కువగా చేరిన పింగాణి ఆమ్లానికి సులభంగా లొంగదు. పొరను అంటించేముందు పంటిని ఆమ్లంతో గరుకు చేయడం తప్పనిసరి గనుక వైద్యుడు మరింత సేపు ఓపిక పట్టాలి. మచ్చ తేలికదైతే ఆమ్లమూ మెత్తని రాపిడిపొడీ కలిపి రుద్ది తీసివేయవచ్చు. అందుకని అన్నిటికీ తొడుగు తొడగడం తెలివైన పని కాదు. ఎదిగే పిల్లలకు అసలే తగదు. బిగిసిన వెన్నుకు వేయదగిన పింగాణి పొర లేనే లేదు. ఆ పని చేయవలసింది నీరు. నాగార్జునసాగర్ కుడికాలువ వచ్చిన ఊళ్ళకు కృష్ణనీరు ఒక దారి చూపింది. నల్లగొండ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతిలో సున్నం, పటిక కలిపి ఫ్లోరైడును మడ్డితో పాటు దింపవచ్చు.

ఇటువంటి ఊళ్ళలో పెరిగినవారికి ఒక్క ముందుపన్ను విరిగితే నేర్పరి అయిన పనివాడు మచ్చలేని తెల్లని పన్ను చేయడు. పక్క పంటిని తేమగా ఉన్నప్పుడే పరిశీలిస్తాడు, ఎందుకంటే ఆరితే పన్ను ఇంకా తెల్లబడుతుంది. ఆ పంటి మీది తెల్లని గీతలను, మబ్బుతునకల వంటి మచ్చలను ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు పెట్టుకొని, కొత్త పన్ను పైపొరల మధ్య తెల్లపొడితో అట్లాగే దించి, ఆ పైన పారదర్శకమైన పొర వేసి కాలుస్తాడు.