వేగుచుక్క సాక్ష్యం: 1910 నాటి తోకచుక్కలు - 'ముత్యాల సరములు'

గురజాడ అప్పారావు 'ముత్యాల సరములు' 1910లో 'ఆంధ్రభారతి'లో వెలువడింది. ఈ ఖండికను గురించిన చర్చలో ఛందస్సు, భాష, సంస్కరణ దృష్టి ప్రధానంగా ప్రస్తావనకు వస్తాయి. అందులోని తోకచుక్కను సంఘసంస్కరణకు ప్రతీకగా గ్రహించడం పరిపాటి. అయితే అది ప్రతీక కాకముందు, నాటి జనం కళ్లారా చూసిన ఖగోళ వస్తువు. ఆ వస్తువేదో, అది కనిపించిన వేళ ఏదో నిర్ణయించుకుంటే కావ్యార్థం మరింత స్పష్టమవుతుంది.

1910లో కంటికి కనిపించిన పెద్ద తోకచుక్కలు రెండు. మొదటిది ఎవరూ ఊహించనిది. దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ వజ్రపు గనుల కార్మికులు జనవరి 12న తెల్లవారకముందే దానిని చూశారు. జనవరి 17న అది సూర్యునికి అతి సమీపంగా వచ్చి పట్టపగలే కనబడింది. ఆ నెల చివరి రోజుల్లో సూర్యాస్తమయం తరువాత, పడమటి ఆకాశంలో పొడవైన తోకతో ప్రకాశించింది. రెండవది హేలీ తోకచుక్క. దీని రాక ముందే లెక్కకు అందినది. ఏప్రిల్ 20న సూర్యునికి సమీపంగా వచ్చి, మే నెల మొదటి పక్షంలో వేకువజామున తూర్పున కనిపించింది. మే 18-19 తేదీల్లో సూర్యునికీ భూమికీ నడుమగా సాగింది. ఆ తరువాత సాయంసంధ్యలో పడమట కనబడి, జూన్‌లో క్రమంగా మసకబారింది. కొద్ది నెలల తేడాలో రెండూ రావడంతో, జనవరి సంధ్యలో చూసినదానినే హేలీగా తరువాతి కాలంలో జ్ఞాపకం చేసుకున్నవారూ ఉన్నారు.

కావ్యంలోనిది ఈ రెండింటిలో ఏది? తూర్పు తెల్లవారుతున్న వేళ, రాబోయే సూర్యుని కొలువుకు వెడలిన పరివారంలాగా తోకచుక్కనూ వేగుచుక్కనూ గురజాడ జంటగా నిలిపాడు. ఇక్కడ వేగుచుక్కే సాక్ష్యం. జనవరిలో శుక్రుడు సాయంకాలపు చుక్క. ఫిబ్రవరి 12న సూర్యునికీ భూమికీ మధ్యగా దాటిన తరువాతనే వేగుచుక్క అయ్యాడు. కనుక కావ్యంలోని ఆకాశం జనవరి ఆకాశం కాదు; హేలీ వేకువన కనిపించిన మే మొదటి పక్షానిది. సంధ్యాకాశపు హేలీ కూడా కాదు.

ఈ కాలనిర్ణయానికి ప్రయోజనం ఉంది. సూర్యుని దాటి సాయంకాలం కనిపించిన తోకచుక్క, గండం గడిచాక చూసిన వింత. వేకువ తోకచుక్క అలాంటిది కాదు. దాని తోకలో సయనోజెన్ వాయువు ఉన్నదని, భూమి ఆ తోకలో చిక్కుకుంటుందని వార్తలు లోకమంతటా భయం రేపిన రోజులవి. మే 6న ఎడ్వర్డ్ చక్రవర్తి మరణించాడు. ధూమకేతువు రాజమరణ సూచకమన్న పాత విశ్వాసానికి ఇంతకన్న అనువైన సందర్భం లేదు. భయం తొలగిపోయిన సాయంకాలాన్ని కాక, భయం పెరుగుతున్న వేకువను కవి ఎన్నుకోవడం గమనార్హం.

ఆ భయానికి శాస్త్రాధారమూ ఉండేది. వరాహమిహిరుడు 'బృహత్సంహిత' కేతుచారాధ్యాయంలో కేతువుల ఉదయాస్తమయాలు గణితానికి అందవని పేర్కొన్నాడు. గణితానికి లొంగనిది ఉత్పాతమైంది. 1705లో ఎడ్మండ్ హేలీ 1531, 1607, 1682 సంవత్సరాల తోకచుక్కలు ఒకటేనని గుర్తించి, అది 1758 ప్రాంతంలో తిరిగి వస్తుందని ప్రకటించాడు. ఆయన 1742లో మరణించాడు. తోకచుక్క 1758 డిసెంబరులో కనిపించింది. దానితో ఉత్పాతానికి ఉన్న పునాది కదిలింది.

గురజాడ తోకచుక్కను భూమికి దూరపు బంధువుగా, దారిన పోతూ చూసిపోవడానికి వచ్చినదిగా భావించడం ఈ నేపథ్యంలో కేవలం చమత్కారం కాదు. మళ్లీ మళ్లీ వచ్చేదే చుట్టమవుతుంది. వచ్చే వేళ తెలిసినదానిని చూసి భయపడనక్కరలేదు. ఈ సత్యాన్ని ఇంగ్లీషు విద్య వల్ల గ్రహించినట్లు కావ్యంలోని వక్త చెబుతాడు. పురాణగాథల భయాన్ని తోసిపుచ్చి, అదే తోకచుక్కను సంఘసంస్కరణ ప్రయాణానికి పతాకగా తలుస్తాడు.

అంటే, తోకచుక్క సూచిక కాదని గురజాడ అనలేదు. అది సూచించేదానిని మార్చాడు. వరాహమిహిరుని కేతువు రాబోయే కీడుకు గుర్తు. గురజాడ తోకచుక్క మనుషులు పూనుకోవలసిన పనికి గుర్తు. సూర్యునికి ముందు నడిచే వేగుచుక్క పక్కన దానిని నిలపడం ఈ మార్పుకు అనుగుణమైన నిర్మాణం. పడమటి సంధ్యలో నిలిపి ఉంటే ఈ అర్థం పొసగేది కాదు.