అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి చెప్పే పాఠం

మన పాతబస్తీ నుంచి నయాపూల్ దాటగానే ఉస్మానియా ఆస్పత్రి కనబడుతుంది. పూర్వం ఆ ప్రాంతంలోనే అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఉండేది. ఆ రోజుల్లో ఆపరేషన్ చేసేందుకు క్లోరోఫారం మత్తు ఇచ్చేవారు. కొందరు రోగులు ఆ మత్తులోనే ప్రాణం విడిచేవారు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా?

ఊపిరే అనేవారు ఇక్కడి డాక్టరు ఎడ్వర్డ్ లారీ. గుండె అనేవారు లండన్ డాక్టరు లాడర్ బ్రంటన్. తేల్చుకోవడానికి 1889లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇవ్వగా, లాన్సెట్ వైద్య పత్రిక బ్రంటన్‌నే పంపింది. నాలుగు వందలకు పైగా జంతువుల మీద పరీక్షలు జరిగాయి. ఊపిరే ముందు ఆగుతోందని చూసి, బ్రంటన్ తన అభిప్రాయం మార్చుకుని లండన్‌కు తంతి పంపారు.

హైదరాబాదు గెలిచిందని మేమూ ఇంతవరకే చెప్పుకునేవాళ్లం. కానీ కథ అక్కడితో అయిపోలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టరు, మత్తు తక్కువగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చని పిల్లుల మీద పరీక్షించి చూపించారు. అంటే బ్రంటన్ మొదట అన్న మాటలోనూ నిజం ఉందన్నమాట!

మరి బ్రంటన్ మారడం తప్పా? కాదు. కళ్లెదుట ఉన్న రుజువుకు ఆయన తల వంచారు. ఒకసారి మారాం కదా అని తలుపు మూసుకుంటేనే తప్పు. ఊపిరి చూస్తే చాలని మొండికేసిన చోట, పోయేది డాక్టరు పరువు కాదు, రోగి ప్రాణం. అందుకే ఆ గొప్ప చెప్పుకునేటప్పుడు ఇకపై లెవీ సంగతీ కలిపి చెబుదాం.