మెతుకు సీమలో క్రిస్మస్ మొక్కులు



క్రిస్మస్ రోజులలో సిద్దిపేట నుండి మెదక్ వెళ్లే బస్సు ఎక్కి చూడండి. మన సంఘస్థులతో పాటు బొట్టు పెట్టుకున్న తల్లులు, తలకు రుమాలు చుట్టిన పెద్దలు ఎందరో కనబడతారు. "పిల్ల పుడితే చర్చికి తీస్కొస్తనని మొక్కుకున్న అయ్యగారూ, జెర ప్రార్థన చేయుండ్రి" అంటూ బిడ్డను ముందుకు చాపుతారు. మన యౌవనస్థులు దీనిని చూచి, ఈ మొక్కులు వాక్యానుసారమేనా అని అడుగుతుంటారు. జవాబుకు ముందు కొంచెం చరిత్ర తెలిసికొందాము.

వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1895లో సికింద్రాబాద్ వచ్చి, తరువాత మెదక్‌ను తన సేవాకేంద్రము చేసికొన్నారు. మందిరపు పని 1914లో మొదలైంది. అవి యుద్ధపు రోజులు, కరువు రోజులు. ఆకలితో వచ్చినవారికి దొరగారు పని ఇచ్చి కడుపు నింపారు. రాయి మోసినవారు, మట్టి తవ్వినవారు ఆ కూలితో పిల్లలను బ్రతికించుకున్నారు. 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు, 175 అడుగుల గోపురముతో, సుమారు 5,000 మంది పట్టే ఆ ఆలయము 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠింపబడింది. మెదక్ అనే పేరు మెతుకు నుండి వచ్చిందని మన పెద్దలు చెబుతారు. మెతుకు సీమలో మెతుకు పెట్టిన గుడి అది! 2016 వరకు మన సిద్దిపేట కూడా మెదక్ జిల్లాలోనిదే. తాతకు అన్నము దొరికిన చోటికి మనుమరాలు బిడ్డను ఎత్తుకొని రావడములో ఆశ్చర్యమేమున్నది?

ఇది మన దేశములోనే ఉన్న సంగతి కాదు. బల్గేరియా దేశములో డిసెంబర్ 6న పరిశుద్ధ నికొలాసు పండుగ. తుపానులో చిల్లుపడిన ఓడను ఆయన ఒక చేపతో మూసి కాపాడెనని అక్కడి జాలరుల కథ. ఆ రోజు గండుచేపవంటి పెద్ద చేపను పిండిలో చుట్టి కాల్చి, రొట్టెతో ఇరుగు పొరుగుకు పంచుతారు. ఆ చేప తలలో సిలువ ఆకారపు ఎముక ఒకటి ఉంటుంది. దిష్టి తగలకూడదని పూర్వము దానిని పిల్లల టోపీలకు కుట్టేవారు. మన ఊళ్లలో పసిపిల్లకు నల్లదారము కట్టినట్టే!

ఈ నికొలాసు 4వ శతాబ్దములో మూర పట్టణపు బిషప్పు. ఖైదీగా రోమాకు వెళ్లుచు పౌలు ఓడ మారినది ఆ ఊరిలోనే (అపొ. కార్యములు 27:5). ముగ్గురు బీద ఆడపిల్లల పెండ్లికి రాత్రివేళ రహస్యముగా డబ్బు ఇచ్చాడని నికొలాసును గూర్చి చెబుతారు. ఇచ్చినవాని జ్ఞాపకము నిలిచింది, మంచిదే. కాని కాలము గడిచేకొద్దీ క్రీస్తు ప్రేమ వెనుకకు పోయి ఎముక ముందుకు వచ్చింది. మొక్కులలో ఉన్న అపాయము ఇదే.

మరి మనమేమి చేయవలెను? లుస్త్రలో ప్రజలు పౌలు బర్నబాలకు బలి అర్పించబోయినప్పుడు వారు బట్టలు చింపుకొని అడ్డుపడ్డారు. అయితే ఆ జనులను ఎగతాళి చేయలేదు. మీకు వానలిచ్చి, పంటలిచ్చి, కడుపు నింపిన దేవుడు ఈయనే అని చూపించారు (14:8-18). మెదక్‌లో బిడ్డను చాపిన తల్లిని మనము గద్దించనక్కరలేదు. బిడ్డను ఎత్తుకొని యేసు నామమున ప్రార్థించి, "అమ్మా, ఈ బిడ్డను ఇచ్చింది ఈ రాళ్లు కావు, ఈ గుడి దేవుడు" అని ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పుదాము.

ముందు మన ఇల్లు కూడా చూచుకొందాము. తలగడ క్రింద బైబిలు పెట్టుకొని, దానిని తెరవకుండానే నిద్రపోయేవారు మనలో లేరా? అది మన చేప ఎముక!

ఈ డిసెంబర్ నెలంతా వంట పెట్టేటప్పుడు గుప్పెడు బియ్యము ప్రక్కన తీసిపెట్టండి. క్రిస్మస్‌కు ముందు ఆదివారము మందిరమునకు తెండి. మన ఊరిలో పొయ్యి వెలగని ఇంటికి, ఏ మతమని అడగకుండా, చేర్చుదాము. పాస్నెట్ దొరగారి గుడి అలాగే కదా లేచింది!

ఆకలిగొన్నవారిని తృప్తిపరచు దేవుడు మిమ్మును మీ కుటుంబములను దీవించును గాక. ఆమేన్.